ఇంటి సామాన్ల ఫొటోలు: నష్టం జరిగిన రోజున పనికొచ్చేలా అమర్చుకోవడం ఎలా?

వరద, అగ్నిప్రమాదం, చోరీ వంటి నష్టం జరిగిన ప్రతి ఇంటికీ ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఏమేం పోయాయి? బీమా సర్వేయర్, పోలీసు అధికారి, ఒక్కోసారి న్యాయస్థానం కూడా ఇదే ప్రశ్నను వేర్వేరు రూపాల్లో అడుగుతాయి. జవాబు ఫోనులోనే ఉందని చాలామంది భావిస్తారు. పుట్టినరోజు ఫొటోలో వెనుక టీవీ కనిపిస్తుంది, వ్రతం ఫొటోలో ఒక మూల వెండి కుందులు కనిపిస్తాయి. కానీ వేలాది ఫొటోల్లో వాటిని వెదికి పట్టుకోవడం, అవి ఏ కంపెనీవో, ఎప్పుడు కొన్నవో, ఎంతకు కొన్నవో చెప్పడం ఆ సమయంలో సాధ్యం కాదు.

ఇంటి సామాన్ల ఫొటోలు ఆధారంగా నిలవాలంటే మూడు షరతులు నెరవేరాలి. ప్రతి ఫొటోకూ జాబితాలో ఒక వరుస ఉండాలి. ఆ వరుసలోని వివరాలను ఫొటో ధ్రువీకరించాలి. ఈ రెండింటి ప్రతి ఇంటి వెలుపల కూడా ఉండాలి. ఫొటో తీయడానికి పట్టే సమయం కన్నా ఈ అమరికకు పట్టే సమయమే ఎక్కువ. విలువ కూడా దానిదే.

జాబితా ఎవరికి అవసరం?

ప్రభుత్వ సాయానికి, బీమా పరిహారానికి మధ్య మౌలికమైన తేడా ఉంది. విపత్తు సాయం సాధారణంగా కుటుంబానికి ఇంత అన్న లెక్కన అందుతుంది. 2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సహాయ నిధి ప్రమాణాల ప్రకారం దుస్తుల నష్టానికి కుటుంబానికి రూ.2,500, వంటపాత్రలు, గృహోపకరణాల నష్టానికి మరో రూ.2,500 చెల్లించాల్సి ఉండేది. రాష్ట్రాలు దీనికి అదనంగా ప్రకటించవచ్చు. 2020 అక్టోబరు వరదల తరువాత హైదరాబాద్‌లో ముంపునకు గురైన కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం రూ.10,000 చొప్పున సాయం ప్రకటించింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట తదితర ప్రాంతాలను ముంచెత్తినప్పుడు, పూర్తిగా మునిగిన కింది అంతస్తు ఇళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రూ.25,000 ప్రకటించింది. ఈ సాయంలో ఇంట్లో ఉన్నది ఒక ఫ్యానా, మూడు ఏసీలా అన్న భేదం ఉండదు.

బీమా తీరు ఇందుకు భిన్నం. అక్కడ ప్రతి వస్తువునూ విడిగా లెక్కిస్తారు. వస్తువు ఉన్నట్లు, అది బీమాదారు ఇంట్లోనే ఉన్నట్లు, దాని విలువ ఇంత అన్నట్లు చూపించవలసిన బాధ్యత ఎక్కువగా బీమాదారుపైనే ఉంటుంది. ఒక ఇంట్లో గరిటె నుంచి గ్రైండర్ వరకు ఎన్ని వస్తువులుంటాయో, అన్నీ కళ్ల ముందు ఉన్నప్పుడే చెప్పడం కష్టం. బురదతో నిండిన గదిలో నిలబడి జ్ఞాపకం మీద రాసిన జాబితాలో మొదట తప్పిపోయేవి అటకమీద ఉన్నవి, బీరువా కింది అరలో ఉన్నవి, ఏడాదికి ఒకసారి మాత్రమే వాడేవి.

ఈ కష్టాన్ని కొన్ని చోట్ల చట్టాలే గుర్తించాయి. కార్చిచ్చులు తరచుగా చెలరేగే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అత్యవసర పరిస్థితి ప్రకటించిన విపత్తులో ఇల్లు పూర్తిగా నాశనమైతే, నిర్ణీత పరిమితి వరకు కొంత మొత్తాన్ని, వస్తువుల జాబితా కోరకుండానే సామాన్ల పద్దు కింద చెల్లించాలని చట్టం చెబుతోంది. అంతకు మించిన మొత్తం కావాలంటే అక్కడ కూడా జాబితా ఇవ్వవలసిందే. భారతదేశంలో ఇటువంటి వెసులుబాటుపై ఆధారపడలేం కాబట్టి ముందుగా సిద్ధం చేసుకున్న జాబితాకు ఇక్కడ విలువ మరింత ఎక్కువ.

బీమా నిబంధనలు ఏం చెబుతున్నాయి?

దేశంలోని సాధారణ బీమా సంస్థలు 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీని అందిస్తున్నాయి. బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) దీని నిబంధనలను రూపొందించింది. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడటం వంటి వాటి వల్ల కలిగే నష్టానికి ఇది రక్షణ కల్పిస్తుంది.

ఇంటి కట్టడంతో పాటు సామాన్లకు కూడా పాలసీ తీసుకుంటే, కట్టడం బీమా మొత్తంలో 20 శాతం వరకు సాధారణ గృహోపకరణాలకు దానంతట అదే వర్తిస్తుంది. దీనికి గరిష్ఠ పరిమితి రూ.10 లక్షలు. అంతకు మించి రక్షణ కావాలంటే సామాన్ల వివరాలను ప్రకటించాలి. జాబితా ఉపయోగం ఇక్కడే మొదలవుతుంది. ఏ గదిలో ఎంత విలువ ఉందో తెలియని కుటుంబం తనకు ఎంత బీమా అవసరమో కూడా సరిగ్గా చెప్పలేదు.

ఆభరణాలు, వెండి సామాను, చిత్రపటాలు, కళాఖండాల వంటి విలువైన వస్తువులకు ఐచ్ఛికంగా విడి రక్షణ తీసుకోవాలి. వీటికి ముందుగా అంగీకరించిన విలువే ప్రాతిపదిక. ఈ విభాగంలో బీమా మొత్తం రూ.5 లక్షల లోపు, ఒక్కో వస్తువు విలువ రూ.లక్ష లోపు ఉంటే మూల్య నిర్ధారణ పత్రం అవసరం లేదు. దాటితే కావాలి. నగదు, నాణేలు, పత్రాలు, విడి రత్నాలు, బంగారు కడ్డీలు, వాహనాలు సాధారణంగా ఈ పాలసీ పరిధిలోకి రావు.

దొంగతనం విషయంలో ఒక అపోహ ఉంది. ఈ పాలసీ మౌలిక రూపంలో, వరద, అగ్నిప్రమాదం వంటి బీమా వర్తించే ఘటన జరిగిన ఏడు రోజుల లోపు, దాని కారణంగా జరిగిన చోరీకే రక్షణ ఉంటుంది. ఊరికి వెళ్లినప్పుడు జరిగే మామూలు దొంగతనానికి విడిగా పాలసీ తీసుకోవాలి. అటువంటి పాలసీ ఉన్నా లేకపోయినా, పోలీసు ఫిర్యాదులో పోయిన వస్తువుల వర్ణన కచ్చితంగా ఉండటం అవసరమే.

కొత్త ఆలోచన కాదు

వస్తువులకు గుర్తు పెట్టి లెక్క రాసుకోవడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. ఇత్తడి బిందెల మీద, గంగాళాల మీద, తరువాతి కాలంలో స్టీలు గిన్నెల మీద ఇంటిపేరును, ఇచ్చినవారి పేరును, సందర్భాన్ని, తేదీని చెక్కించే అలవాటు నిన్నమొన్నటి వరకు ప్రతి ఊళ్లోనూ ఉండేది. పెళ్లిళ్లకు, పేరంటాలకు పాత్రలు ఇల్లు మారినా తిరిగి సొంతింటికి చేరేలా చేసింది ఆ అక్షరాలే. జాబితా కోసం ఫొటో తీసేటప్పుడు పాత్ర మొత్తంతో పాటు ఆ చెక్కిన పేరును కూడా దగ్గరగా తీయాలి. ఒకే రకం బిందెలు వేల ఇళ్లలో ఉంటాయి, పేరున్న బిందె ఒక ఇంటిదే.

పెళ్లి కానుకల జాబితాకు చట్టమే ఒక నమూనా ఇచ్చింది. వరకట్న నిషేధ చట్టం కింద రూపొందించిన నియమాలు 1985 అక్టోబరు 2 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం వధువుకు వచ్చిన కానుకల జాబితాను వధువు, వరుడికి వచ్చిన వాటి జాబితాను వరుడు రాతపూర్వకంగా ఉంచుకోవాలి. ప్రతి కానుక సంక్షిప్త వర్ణన, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం ఉంటే ఆ వివరం అందులో ఉండాలి. జాబితాపై వధూవరులిద్దరూ సంతకం చేయాలి. ఆచరణలో ఈ నియమాన్ని పాటించే కుటుంబాలు అరుదు. కానీ స్త్రీధనంపై వివాదం తలెత్తినప్పుడు ఏ నగ పుట్టింటివారు పెట్టింది, ఏది అత్తింటివారు పెట్టింది అన్నది తేల్చే తొలి పత్రం ఇదే కావచ్చు. జాబితాలోని ప్రతి వరుసకు ఒక ఫొటో జోడిస్తే దాని బలం పెరుగుతుంది.

ఫొటోలు తీసే క్రమం

పని మొదలుపెట్టే ముందు గదుల వరుసను నిర్ణయించుకోవాలి. వీధి గుమ్మం నుంచి మొదలుపెట్టి, ప్రతి గదిలోనూ తలుపు దగ్గర నిలబడి, ఎడమ నుంచి కుడికి తిరుగుతూ తీయడం సులువైన పద్ధతి. అన్ని గదుల్లోనూ ఒకే దిశ పాటిస్తే ఏ గోడ తప్పిపోయిందో వెంటనే తెలుస్తుంది.

ప్రతి గదికీ, వస్తువుకూ నాలుగు రకాల ఫొటోలు అవసరం.

మొదటిది గది మొత్తం కనిపించేది. నాలుగు మూలల నుంచి నాలుగు ఫొటోలు చాలు. వస్తువు ఆ ఇంట్లోనే ఉందని చూపేది ఇదే. విడిగా తీసిన మిక్సీ ఫొటో ఎవరి ఇంట్లోనైనా తీసి ఉండవచ్చు. వంటగది గట్టు మీద, గోడ పలకలతో సహా కనిపించే మిక్సీ ఆ ఇంటిదే.

రెండవది వస్తువు మొత్తం కనిపించేది. మూడవది దాని గుర్తింపు వివరాలు చూపేది: తయారీ సంస్థ, మోడల్ సంఖ్య, క్రమ సంఖ్య ఉన్న పట్టీ. ఫ్రిజ్‌కు ఇది సాధారణంగా లోపలి గోడ మీదో వెనుక వైపో, వాషింగ్ మెషీన్‌కు తలుపు అంచున లేదా వెనుక వైపున, టీవీకి వెనుక ఉంటుంది. గోడకు బిగించిన టీవీ వెనుకకు ఫోను చేతితో పంపి ఫొటో తీయవచ్చు, అది స్పష్టంగా వచ్చిందో లేదో అక్కడే పెద్దది చేసి చూసుకోవాలి. నాల్గవది బిల్లు లేదా వారంటీ కార్డు ఫొటో.

తలుపులు మూసి ఉన్న బీరువా ఫొటో ఒక బీరువాకే ఆధారం. అందులోని పట్టుచీరలకు కాదు. అందువల్ల బీరువాలు, అరలు, సొరుగులు తెరిచి తీయాలి. చిన్న వస్తువులను ఒక్కొక్కటిగా తీయనక్కరలేదు. గరిటెలు, గిన్నెలు, పుస్తకాలు, దుప్పట్ల వంటి వాటిని ఒకచోట పరచి ఒకే ఫొటో తీసి, జాబితాలో సంఖ్య రాస్తే చాలు. పట్టుచీరలు, విలువైన పుస్తకాలు, వృత్తి పనిముట్లను మాత్రం విడిగా తీయడం మేలు. కుట్టు మిషను, మగ్గం పరికరాలు, వడ్రంగి సామాను, సంగీత వాద్యాలు వంటివి ఇంటి సామాను మాత్రమే కాదు, జీవనాధారం కూడా. ఇంట్లోనే వ్యాపారం నడిపేవారు సరుకు నిల్వలకు గృహ బీమా వర్తిస్తుందో లేదో ముందే సంస్థను అడిగి తెలుసుకోవాలి.

అటక, మెట్ల కింది చోటు, పెరటి గది, డాబా మీది నీటి మోటారు, ఇన్వర్టరు, సౌర పలకలు తరచుగా మరచిపోయేవి. పూజగది కూడా. వెండి పళ్లేలు, కుందులు, విగ్రహాలు బరువుతో సహా నమోదు కావాలి.

బంగారం, ఫోన్లకు ప్రత్యేక శ్రద్ధ

నగల ఫొటోలను సాదా రంగు వస్త్రం మీద, పగటి వెలుతురులో, పక్కన కొలబద్ద పెట్టి తీయాలి. ముందు, వెనుక రెండు వైపులా కావాలి. కొక్కెం, రాళ్ల అమరిక, మరమ్మతు చేసిన చోటు దగ్గరగా కనిపించాలి. తప్పనిసరి హాల్‌మార్కింగ్ నిబంధనల కింద 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే ఆభరణాలపై అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ సంఖ్య ఉండాలి. ఒక నగకు ఉన్న సంఖ్య మరొక నగకు ఉండదు. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రూపొందించిన 'బీఐఎస్ కేర్' యాప్‌లో దానిని సరిచూసుకోవచ్చు. ఆ ముద్ర చాలా చిన్నది. భూతద్దం సాయంతో చదివి జాబితాలో రాసుకోవాలి. పాత నగలకు ఈ సంఖ్య ఉండదు కనుక బరువు, స్వచ్ఛత, తయారు చేయించిన సంవత్సరం, చేసిన స్వర్ణకారుడి పేరు రాయాలి. కుటుంబ వేడుకలో ఆ నగ ధరించిన ఫొటో ఒకటి జోడిస్తే అది ఎప్పటినుంచి ఇంట్లో ఉందో తెలుస్తుంది.

మొబైల్ ఫోనుకు 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కీలకం. డయల్ చేసే చోట *#06# నొక్కితే అది తెరపై కనిపిస్తుంది. కొన్నప్పటి పెట్టెపైనా ఉంటుంది. ఫోను పోయినప్పుడు 'సంచార్ సాథీ' వేదికలో దానిని నిలిపివేయించడానికి ఈ సంఖ్య కావాలి. అయితే ఫోను ఐఎంఈఐ ఫొటోను అదే ఫోనులో మాత్రమే దాచుకుంటే, ఫోనుతో పాటు అదీ పోతుంది.

పేర్లు, సంఖ్యలు, వరుసలు

ఫోను ఇచ్చే ఫైలు పేర్లు అంకెల వరుసలే. వాటిని చూసి ఏ వస్తువో చెప్పలేం. అందుకే ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇవ్వాలి. గది పేరు, ఆ గదిలో వస్తువు వరుస సంఖ్య, వస్తువు పేరు, ఫొటో రకం అన్న క్రమం చాలు. ఉదాహరణకు 'వంట-03-ఫ్రిజ్-లేబుల్' అంటే వంటగదిలోని మూడవ వస్తువు, ఫ్రిజ్, దాని గుర్తింపు పట్టీ ఫొటో. 'పడక1-07-బీరువా-లోపల' అంటే మొదటి పడకగదిలోని ఏడవ వస్తువు, తలుపులు తెరిచిన బీరువా. ఒకటిని 01గా రాస్తే కంప్యూటరులో ఫైళ్లు సరైన వరుసలో నిలుస్తాయి. తేదీ రాయవలసి వస్తే సంవత్సరం, నెల, రోజు అన్న క్రమంలో '2025-06-14' అని రాయాలి. అప్పుడు కాలక్రమం దానంతట అదే కుదురుతుంది.

గదికి ఒక ఫోల్డరు, బిల్లులకు ఒకటి, నగలకు ఒకటి ఉంటే సరిపోతుంది. ఫోల్డరులో ఫోల్డరు, అందులో మరొకటి పెట్టుకుంటూ పోతే వెదకడమే కష్టమవుతుంది. జాబితాను కంప్యూటరులోని పట్టికలో గానీ, నోటు పుస్తకంలో గానీ రాయవచ్చు. వరుస సంఖ్య, వస్తువు, కంపెనీ-మోడల్, క్రమ సంఖ్య, కొన్న సంవత్సరం, కొన్న ధర, కొన్న చోటు, బిల్లు ఉందా లేదా, ఫొటోల సంఖ్య: ఈ తొమ్మిది గడులు చాలు. వంశపారంపర్యంగా వచ్చిన వస్తువుకు ధర గడిలో ఊహించిన అంకె రాయకూడదు. 'అమ్మమ్మ ఇచ్చినది, బిల్లు లేదు' అని ఉన్నది ఉన్నట్లు రాయాలి. ఒక వరుసలో అతిశయోక్తి కనిపిస్తే సర్వేయరు మిగతా వరుసలను కూడా అనుమానంతోనే చూస్తారు.

పెళ్లయిన కొత్తలో కొన్నవాటికి, బంధువులు బహూకరించినవాటికి బిల్లులు దొరకవు. ఆన్‌లైన్‌లో కొన్నవాటి రసీదులు మాత్రం ఆయా ఖాతాల పాత ఆర్డర్లలో, ఈ-మెయిల్‌లో ఉంటాయి. వాటిని పీడీఎఫ్ రూపంలో దించుకుని అదే సంఖ్యతో భద్రపరచాలి. దుకాణాలు వేడితో ముద్రించే పలుచని కాగితంపై ఇచ్చే బిల్లుల అక్షరాలు కొద్దికాలానికే వెలిసిపోతాయి. కొన్న రోజునే వాటికి ఫొటో తీయడం ఉత్తమం.

ఎక్కడ దాచాలి?

బీరువాలో దాచిన జాబితా బీరువాతోనే మునుగుతుంది. కంప్యూటర్ నిపుణులు సాధారణంగా సూచించే పద్ధతి మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనాలు, వాటిలో ఒకటి ఇంటి వెలుపల. గృహస్థులకు అది ఇలా కుదురుతుంది: ఫోనులో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో లేదా హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఆన్‌లైన్ నిల్వలో ఒకటి. పెన్‌డ్రైవ్‌ను వేరే ఊళ్లో ఉన్న కుమారుడి వద్దో, తోబుట్టువు వద్దో ఉంచితే మరీ మంచిది. విదేశాల్లో ఉండి స్వగ్రామంలోని ఇంటిని తాళం వేసి ఉంచినవారికి, వృద్ధులైన తల్లిదండ్రులు ఒంటరిగా ఉంటున్న కుటుంబాలకు ఈ ఏర్పాటు మరింత అవసరం.

కేంద్ర ప్రభుత్వ డిజిలాకర్‌లో సొంత పత్రాలను పీడీఎఫ్, జేపెగ్ రూపాల్లో దాచుకునే వీలుంది. నిల్వ స్థలం పరిమితం కాబట్టి జాబితా, పాలసీ పత్రం, ముఖ్యమైన బిల్లులకు దానిని వాడుకుని, ఫొటోల మొత్తానికి వేరే నిల్వ చూసుకోవాలి. గూగుల్ ఖాతాలో ఉచితంగా లభించే 15 జీబీ స్థలంలో ఈ-మెయిళ్లు, ఫొటోలు, ఫైళ్లు అన్నీ కలిసే ఉంటాయన్నది గమనించాలి.

ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే పరిమాణం తగ్గుతుంది. తీసిన తేదీ, సమయం, ఫోను వివరాలు వంటి అంతర్గత సమాచారం కూడా తొలగిపోతుంది. క్రమ సంఖ్య చదవలేని స్థితి రావచ్చు. అదే ఫొటోను 'డాక్యుమెంట్'గా పంపితే అసలు ఫైలు చేరుతుంది.

న్యాయస్థానానికి వెళ్లవలసి వస్తే అసలు ఫైలు ప్రాధాన్యం మరింత పెరుగుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా సమర్పించేటప్పుడు నిర్దేశిత ధ్రువపత్రం జతచేయాలి. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువను అందులో పేర్కొనాలి. ఫొటోకు మెరుగులు దిద్ది, కత్తిరించి, దాని మీద అక్షరాలు రాసి మళ్లీ భద్రపరిస్తే అది కొత్త ఫైలవుతుంది. గుర్తులు పెట్టాలనుకుంటే నకలు మీద పెట్టి, అసలును తాకకుండా ఉంచాలి.

ఫొటోను, వర్ణనను కలిపి చూడటం చట్టానికీ కొత్త కాదు. అదే రోజు అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 497వ సెక్షన్, విచారణలో కోర్టు ముందుకు వచ్చిన సొత్తుకు వర్ణనతో కూడిన వివరణ పత్రం తయారుచేసి, ఫొటో తీయించి, ఆ రెండింటినీ సాక్ష్యంగా వాడుకునే వీలు కల్పించింది. చోరీ సొత్తు దొరికినప్పుడు యజమాని వద్ద కూడా అటువంటి వర్ణన, ఫొటో ఉంటే సరిపోల్చడం సులువవుతుంది.

నష్టం జరిగిన తరువాత

మొదట ప్రాణ భద్రత. విద్యుత్ సరఫరా ఆపారని నిర్ధారించుకోకుండా తడిసిన ఇంట్లోకి వెళ్లకూడదు. తడిసిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పనిచేస్తున్నాయో లేదో చూద్దామని స్విచ్ వేయకూడదు.

శుభ్రం చేయడానికి ముందే ఫొటోలు తీయాలి. గోడ మీద నీరు నిలిచిన గీత, దాని పక్కన కొలబద్ద, తరువాత పాత ఫొటోలు తీసిన కోణాల నుంచే గదులు, ఆపై ఒక్కొక్క వస్తువు. నష్టం ఫొటోలకు కూడా జాబితాలోని పాత సంఖ్యలే ఇవ్వాలి. 'వంట-03' నష్టానికి ముందు ఎలా ఉందో, తరువాత ఎలా ఉందో రెండు ఫొటోలు పక్కపక్కన కనిపించినప్పుడు సర్వేయరుకు ప్రశ్నలు తక్కువ ఉంటాయి.

బీమా సంస్థకు వెంటనే సమాచారం ఇచ్చి, ఫిర్యాదు సంఖ్య రాసుకోవాలి. సర్వేయరు చూడక ముందు సామాన్లను పారవేయకూడదు, పాత సామాను కొనేవారికి అమ్మకూడదు. కుళ్లిపోయే పరుపులు, ధాన్యం వంటివి తప్పనిసరిగా తీసివేయవలసి వస్తే ఫొటోలు తీసి, సంస్థకు తెలియజేసి తీసివేయాలి. పరిహారంపై సంస్థ నిర్ణయం సంతృప్తికరంగా లేకపోతే ముందు సంస్థలోని ఫిర్యాదుల విభాగాన్ని, తరువాత బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రూ.50 లక్షల వరకు పరిహారం కోరే వివాదాలను అంబుడ్స్‌మన్ పరిశీలిస్తారు. తెలుగు రాష్ట్రాలకు కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. అక్కడ న్యాయవాది అవసరం లేదు, రుసుము లేదు. చేతిలో ఉన్న కాగితాలే వాదన.

లాకరు, అద్దె ఇల్లు, ఇల్లు మారడం

బ్యాంకు లాకరులో ఏముందో బ్యాంకు వద్ద లెక్క ఉండదు. రిజర్వు బ్యాంకు సవరించిన నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం అగ్నిప్రమాదం, దోపిడీ, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వంటి కారణాల వల్ల లాకరులోని సొత్తు పోతే బ్యాంకు బాధ్యత వార్షిక అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె రూ.3,000 అయితే అది రూ.3 లక్షలు. బ్యాంకు నిర్లక్ష్యం లేని ప్రకృతి వైపరీత్యాలకు ఆ బాధ్యత కూడా ఉండదు. అందువల్ల లాకరులో పెట్టినప్పుడు, తీసినప్పుడు జాబితాను సవరించుకోవాలి.

అద్దె ఇంట్లో చేరేవారు సామాను దించక ముందే ఖాళీ గదులు, గోడల పగుళ్లు, కుళాయిలు, ఫ్యాన్లు, మీటరు అంకెలకు ఫొటోలు తీసి యజమానికి పంపితే, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు విషయంలో తగవు తగ్గుతుంది. ఇల్లు మారేవారు ప్యాకింగ్‌కు ముందు ప్రతి వస్తువు స్థితిని, ప్యాకింగ్ తరువాత ప్రతి పెట్టె సంఖ్యను ఫొటో తీయాలి. రవాణా సంస్థ ఇచ్చే జాబితాలో 'ఇంటి సామాను, 40 పెట్టెలు' అని మాత్రమే ఉంటే ఏ పెట్టెలో ఏముందో చెప్పేది కుటుంబం వద్ద ఉన్న జాబితా ఒక్కటే.

గోప్యత

సామాన్ల జాబితా దొంగ చేతికి చిక్కితే అతనికి దారి చూపే పటమవుతుంది. నగల ఫొటోలను సామాజిక మాధ్యమాల్లో, బంధువుల గ్రూపుల్లో పెట్టకూడదు. ఫొటోల్లో ఇంటి స్థానం కూడా నమోదై ఉండవచ్చు. ఆన్‌లైన్ ఫోల్డరును లింకు ఉన్న ప్రతి ఒక్కరికీ తెరుచుకునేలా కాకుండా, ఎంచుకున్న ఇద్దరు ముగ్గురికి మాత్రమే కనిపించేలా ఉంచాలి. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టాలి. అదే సమయంలో ఇంట్లో ఒక్కరికే తెలిసిన రహస్య సంకేతం వారికి ఏదైనా జరిగితే ఎవరికీ అక్కరకు రాదు. జీవిత భాగస్వామికైనా, పెద్ద సంతానానికైనా జాబితా ఎక్కడుందో తెలిసి ఉండాలి.

ఎప్పుడు సవరించాలి?

ఏడాదికి ఒకసారి చాలు. భోగికి ముందు ఇల్లు దులిపి, పాత సామాను తీసివేసే రోజులు తెలుగు ఇళ్లలో దీనికి అనువైన సమయం. బీరువాలు, అటకలు అప్పుడు ఎలాగూ ఖాళీ చేస్తారు. తీసివేసిన వస్తువుల వరుసలను చెరపకుండా 'ఇచ్చివేశాం', 'అమ్మాం' అని తేదీతో రాయాలి. ఆ సంఖ్యను మరో వస్తువుకు ఇవ్వకూడదు. తీరప్రాంతాల వారు అక్టోబరులో తుపానుల కాలం మొదలయ్యేలోపు, నదీ తీరాల వారు జూన్‌లోపు ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

మొత్తం పని ఒకేసారి పూర్తి చేయాలన్న నియమం లేదు. వారానికి ఒక గది చొప్పున తీసుకున్నా నాలుగైదు వారాల్లో సగటు ఇల్లు పూర్తవుతుంది. అంత వీలు లేనివారు ముందుగా వీధి గుమ్మం నుంచి పెరటి వరకు, తలుపులు, అరలు తెరుస్తూ, వస్తువుల పేర్లు చెబుతూ ఒక వీడియో తీసి ఇంటి వెలుపల ఉన్న ఒకరికి పంపి ఉంచాలి. ఆ తరువాత విలువైన పది వస్తువుల పట్టీలు, బిల్లులు సేకరించాలి. మిగతా జాబితాను వాటి వెంట పూర్తి చేసుకోవచ్చు.